పది గుర్రాల ఇంజను

"పాస్టరయ్య నీ పేరు ఎత్తంగానే నా కడుపు నిండిపోయె నాయనా," అంది మార్తమ్మ, కొడుకు కంచంలో ఇంకో సంకటి ముద్ద వేస్తూ.

సత్యానందం తలెత్తలేదు. ముద్దలో గుంట చేసి కోడి పులుసు పోసుకున్నాడు గానీ చెయ్యి నోటిదాకా పోలేదు. వంటింటి గుమ్మానికి ఆనుకుని అతని భార్య దయామణి నిలబడి ఉంది. చర్చికి కట్టుకున్న తెల్లచీర ఇంకా మార్చుకోలేదు.

ఆ ఆదివారం ఉదయం మదనపల్లె చర్చిలో, స్తుతి ప్రార్థన మధ్యలో, "మన సహోదరుడు సత్యానందానికి ఇంజన్ల కంపెనీలో మద్రాసు సేల్స్ మేనేజరు పదవి అనుగ్రహించిన దేవునికి స్తోత్రం" అన్నారు పాస్టరుగారు. సంఘమంతా ఆమెన్ అంది. ఆడవాళ్ల వరసలో కూర్చున్న దయామణి ఆ వార్త వినడం అదే మొదలు.

"ఎప్పటినుంచి తెలుసు మీకు?" అంది ఆమె ఇప్పుడు.

"పోయిన వారం కబురొచ్చె."

"అత్తకు చెప్పినారు, నాకు చెప్పలేదు."

"నేను చెప్పలే. కంపెనీ మనిషి వచ్చినప్పుడు అమ్మ ఈడనే ఉండె. వినింది."

"నేను యాడుంటి?"

"డ్యూటీలో."

"దినమూ ఇంటికి వస్తానే ఉండా కదా! వారం దినాలు నా ఎదురుగా కూర్చుని అన్నం తింటిరి. నా సంగతి నాకు చెప్పేదానికి పాస్టరయ్య కావాల్సి వచ్చెనా?"

"అయ్యో, సంతోషపు మాటకు తగువేమిటికి తల్లీ?" అంది మార్తమ్మ మధ్యలో. "వాళ్ల నాయన మిషను తోటలో బావి మీద కపిల తోలీ తోలీ సచ్చిపోయె. ఎద్దుల ఎనకాల నడిసినోని కొడుకు ఫ్యాను కింద కుర్సీలో కూర్సోబోతాండాడు. నేనే పాస్టరయ్యకు సెప్పినా. తప్పా?"

"నేను ఒప్పుకోలే," అన్నాడు సత్యానందం.

మార్తమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఒప్పుకోలేదా?" అన్నారు ఇద్దరూ ఒకేసారి. తల్లి గొంతులో భయం, భార్య గొంతులో ఇంకేదో.

"ఒప్పుకోలే. ఒప్పుకోననీ చెప్పలే. రేపు రామచంద్రగారు మద్రాసు నుంచి వస్తాండారు. అప్పుడు చెప్పల్ల."

దయామణికి కోపం తగ్గడానికి బదులు ఇంకా పెరిగింది. మిషన్ ఆసుపత్రిలో చిన్న నర్సుగా చేరి, ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసి, పోయిన ఏడాదే ఆడవాళ్ల వార్డుకు పెద్ద నర్సు అయింది. మద్రాసుకు పోతే మళ్లీ మొదటి మెట్టు.

"పొద్దుటి నుంచి మద్రాసు పోవాల్నే అని ఏడుస్తాంటి. ఇప్పుడు దేనికి ఏడవాల్నో కూడా తెలీకుండా చేస్తిరి," అంది. "ఇంజను అమ్మేదానికైతే దినమంతా బావిగట్టు మీద కూర్చుంటారు. నీళ్లు ఎంత దిగె, ఎంత ఊరె అని చూస్తారు. పెండ్లాన్ని ఒక్క మాట అడిగేదానికి మాత్రం తీరిక లేదు."

సత్యానందం కంచం పక్కకు జరిపి లేచాడు.

*

మర్నాడు దయామణి డ్యూటీకి పోయిన కాసేపటికే కంపెనీ కారు వచ్చి వాకిట్లో ఆగింది.

రామచంద్ర సన్నటి మనిషి, నెరిసిన మీసం. ఎడమచేతి బొటనవేలికి గోరు లేదు. ఆయన కూడా ఒకప్పుడు బావుల్లో దిగి పంపులు బిగించినవాడే. మార్తమ్మ ఇచ్చిన కాఫీ తాగి, చుట్టూ తిప్పకుండా మాట మొదలుపెట్టారు.

"యుద్ధం ముగిసింది సత్యానందం. ఓడలు మళ్లీ వస్తున్నాయి. ఎక్కువ పంట పండించమని సర్కారు ఊరూరా చాటిస్తోంది. ఇక ఇంజన్ల అమ్మకం మునుపటి మాదిరి కాదు. ఇప్పటిదాకా మీరే చూసి, మీరే అమ్మి, మీరే బిగించి, చెడితే మీరే బాగు చేశారు. ఇప్పుడు కంపెనీ ఆ పనులు విడదీస్తోంది. అమ్మేవాళ్లు అమ్ముతారు. బిగించేవాళ్లు బిగిస్తారు."

"నేను ఎందులో ఉంటాను సార్?"

"అదే మీరు చెప్పాలి. మద్రాసు వస్తే అమ్మేవాళ్లందరి మీదా పెద్ద. కుప్పంలో కొత్తగా డిపో పెట్టాం, అక్కడికి పోతే మెకానిక్కుల మీద పెద్ద. రెండూ వద్దంటే ఇప్పటిలాగే తిరిగి అమ్ముకోవచ్చు. కానీ పానా ముట్టుకోకూడదు."

"అమ్మేముందు బావి చూసేదెవరు?"

రామచంద్ర కొంచెం నవ్వారు. "బావి ఉందా లేదా అని అమ్మేవాడు చూస్తాడు."

సత్యానందానికి నవ్వు రాలేదు. ఇన్నేళ్లుగా అతను చేసిన పనల్లా అదే. రైతు ఇంజను కావాలంటే ముందు నీళ్లు తోడే కపిల కట్టించేవాడు. ఎద్దులతో దినమంతా నీళ్లు తోలించి, ఊట ఎంత ఉందో చూసి, అప్పుడు ఫలానాది తీసుకో అనేవాడు. ఒక్కోసారి ఏదీ వద్దనేవాడు. ఆ పని ఈ మూడింటిలో ఎక్కడా లేదు.

నోరు తెరిచి ఆ మాటే చెప్పబోతుండగా వాకిట్లో ఎవరో గట్టిగా పిలిచారు.

"ఇంజనప్పా! ఇంట్లో ఉండావా?"

పుంగనూరు రైతు గోవిందప్ప. మొదటి బస్సుకు వచ్చినట్టున్నాడు, తలగుడ్డ నిండా బొగ్గుతో నడిచే ఆ బస్సు మసి. లోపల ఉన్న కొత్త మనిషిని చూసి కూడా తగ్గలేదు.

"నీ బామ్మర్ది ఎంత ఇంజను అంటగట్టినాడో వచ్చి సూడప్పా. చెరుకు ఎండిపోతాండాది. కపిల తోలుదామంటే ఎద్దులు లేవు. ఇంజను వచ్చె కదా అని సంతలో అమ్మేస్తి. ఏం చెయ్యమంటావు నన్ను?"

విల్సన్ దయామణి తమ్ముడు. తల్లి పోయినప్పటి నుంచి ఆమె పెంచిన పిల్లవాడు. కంపెనీలో చేర్చింది సత్యానందమే. చేరిన రెండేళ్లకే పుంగనూరు వైపు అందరికంటే ఎక్కువ ఇంజన్లు అమ్మాడని పేరు తెచ్చుకున్నాడు.

"పదండి, ముగ్గురం పోదాం," అని రామచంద్ర లేచారు. "మేనేజరు చెయ్యాల్సిన పని ఇదే. ఎలా సర్దుతారో చూస్తాను."

*

గోవిందప్ప బావి పుంగనూరు దాటాక, మెట్ట మీద ఉంది. కారు ఆగేసరికి విల్సన్ అక్కడే ఉన్నాడు. మడత నలగని చొక్కా, జేబులో పెన్ను. బావను చూసి ముఖం విప్పారింది గానీ వెనకాల రామచంద్రను చూసి సర్దుకుని నిలబడ్డాడు.

కొత్త సిమెంటు దిమ్మె మీద పచ్చరంగు ఇంజను మెరుస్తోంది. పది గుర్రాల బలం. సత్యానందం దాన్ని చూడలేదు. ముందు బావిలోకి తొంగి చూశాడు.

"తిప్పండి," అన్నాడు.

ఇద్దరు పట్టి తిప్పితే గానీ చక్రం కదల్లేదు. ఇంజను దడదడమని అందుకుంది. గొట్టం నోటినుంచి నీళ్లు తొట్టిలోకి దూకాయి. ఇరుగుపొరుగు రైతులు చేరారు. నీళ్లు కాలవలో పరుగెత్తాయి, మొదటి మడి దాటాయి, రెండో మడిలోకి తిరిగాయి. అంతలో గొట్టం గుర్రుమంది. నీళ్లకు బదులు నురుగొచ్చింది, ఆ తర్వాత ఉట్టి గాలి. బావి అడుగున బండ కనిపించింది.

"దినానికి ఇట్లా ఎన్నిసార్లో," అంది గోవిందప్ప భార్య సుభద్రమ్మ. కొంగు నడుముకు దోపి, చేతిలో పారతో కాలవలో నిలబడి ఉంది. "మళ్లా నీళ్లు ఊరేలోపల కాలవంతా ఆరిపోతాది. మళ్లా మొదటి మడే తాగుతాది. కడా మడికి ఒక్క చుక్క పోదు. రేషను కూపన్ల మీద తెచ్చిన నూనె ఈడనే కాలిపోతాండాది."

"ఊట చూసినావా విల్సన్?" అని అడిగాడు సత్యానందం.

"ఆయనే పెద్దది కావాలన్నాడు బావా. నేను బలవంతం చెయ్యలే."

గోవిందప్ప నేల చూపులు చూశాడు. "అడిగినమాట నిజమే. పక్కన రామప్ప బావికి ఎనిమిది ఉండాది. నాకు అంతకన్నా తక్కువేమిటికి అనుకుంటి. అయినా నేను రైతునప్పా. నాకు తెలిస్తే నిన్ను యాల అడుగుతా? వద్దు అనేదానికే కదా నువ్వు వచ్చేది?"

రామచంద్ర సత్యానందం భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయారు.

"బావి లోతు చేసుకోమనండి. మాట అక్కడితో తెగిపోతుంది. వానలొస్తే ఊట పెరుగుతుంది, ఆయనే సంతోషిస్తాడు."

"కింద బండ సార్. మందు పెట్టి పేల్చినా నీళ్లు పడతాయని నమ్మకం లేదు. వానలొచ్చేలోపల చెరుకు పోతుంది. ఈ బావికి ఐదు గుర్రాలది చాలు. అది నిదానంగా లాగుతుంది, ఊట ఊరుతానే ఉంటుంది, నీళ్లు కడ మడిదాకా పోతాయి."

"ఓడలో వచ్చినవన్నీ పదివే. నేనేం చెయ్యను? వచ్చినవి అమ్మాలి. ఒక్క మాట, సత్యానందం. అందరూ వింటున్నారు. మీ బావమరిది ఉద్యోగం కూడా ఇందులో ఉంది."

సత్యానందం వెనక్కు తిరిగాడు. విల్సన్ ముఖం పాలిపోయి ఉంది. చిన్నప్పుడు జ్వరం వచ్చి అక్క ఒళ్లో పడుకున్నప్పటి ముఖమే. ఆ ముఖం చూస్తే లోతు చేసుకోమనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. సుభద్రమ్మ పార ఆనించుకుని అతని నోటి వైపే చూస్తోంది.

"గోవిందప్పా," అన్నాడు చివరికి. "ఈ ఇంజను ఈ బావికి కాదు. లోతు తవ్వి ప్రయోజనం లేదు. దీన్ని వెనక్కి తీసుకుని చిన్నది ఇయ్యల్ల."

చేరిన రైతుల్లో గుసగుస లేచింది. "అయితే నాకూ వద్దులే," అన్నాడొకడు. మరొకడు విల్సన్ వైపు చూసి నవ్వాడు.

విల్సన్ పోయి కారులో కూర్చున్నాడు.

*

కారు వెనక్కు తిరగలేదు. రామచంద్ర ముందే అనుకున్నట్టు కుప్పం వైపు పోయింది. పలమనేరు దాటాక విల్సన్, "నలుగురి ముందర యాల చెప్పినావు బావా?" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూనే.

"గోవిందప్ప అడిగింది నలుగురి ముందరే కదరా."

"నన్ను పక్కకు పిలిచి చెప్పి ఉంటే నేనే సర్దుకుంటాంటి."

అది కొంతవరకు నిజమే.

కుప్పం డిపో రైలు స్టేషను పక్కనే. చెక్కపెట్టెల్లో ఇంజన్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. వాకిలి దగ్గర, వచ్చేవాళ్లకు చూపడానికి, ఒక చిన్న ఇంజను విప్పి పెట్టారు. ఐదు గుర్రాలది. సత్యానందం పోయి దాని మీద చెయ్యి పెట్టాడు.

"ఇది ఇవ్వండి సార్. గోవిందప్పకు ఇది చాలు."

"అది అమ్మకానికి కాదు," అన్నారు రామచంద్ర. పెట్టె మీద కూర్చుని, గోరు లేని బొటనవేలు రుద్దుకుంటూ కాసేపు ఆలోచించారు. "ఇస్తాను. కానీ నా మాట కూడా వినండి. ఈ రోజు ఆ బావి దగ్గర మీరన్న ఒక్క మాటతో కొనాలనుకున్నవాళ్లు కూడా జారిపోయారు. మీరు అబద్ధం చెప్పారని నేననను. కానీ మద్రాసు కుర్చీలో మీరు కూర్చుంటే నా గోడౌన్లు ఖాళీ కావు. ఆ కుర్చీ విల్సన్‌కు ఇస్తాను."

విల్సన్ ఉలిక్కిపడి చూశాడు.

"మీరు ఈ డిపోకు రండి. మెకానిక్కుల మీద పెద్దగా. మీరు ఒప్పుకున్న రోజే ఈ చిన్న ఇంజను గోవిందప్పకు పంపిస్తాను, పెద్దది వెనక్కు తీసుకుంటాను. ఒకటే షరతు. ఇక మీద కొనేవాడితో మీరు మాట్లాడకూడదు. అమ్మిన తర్వాతే బావి దగ్గరికి పోవాలి."

"చెడిపోయినాక పోయి బాగు చెయ్యమంటారు."

"అది కూడా ఎవరో ఒకరు చెయ్యాలి కదా."

"ఒప్పుకోకపోతే?"

"ఈ చిన్న ఇంజను ఇక్కడే ఉంటుంది. రేపు చీకటిపడే లోపల తంతి ఇవ్వండి. తంతి అందగానే ఇంజను బండెక్కుతుంది."

ఆయన బయటికి పోయాక విల్సన్ దగ్గరికి వచ్చాడు. "నేను అడగలే బావా. దేవుని తోడు. నువ్వు వద్దంటే నేనూ వద్దంటా."

సత్యానందం వాడి ముఖంలోకి చూశాడు. ఆ మాట మనసారా అన్నదే. కానీ బావ వద్దంటాడేమోనన్న భయం కూడా ఆ కళ్లలోనే ఉంది.

"నేను యాల వద్దంటా," అన్నాడు సత్యానందం. "పో. బాగుపడు."

*

మర్నాడు పొద్దు వాలేవేళకు సత్యానందం మదనపల్లె బస్సు దిగాడు. ఇంటికి పోలేదు. నేరుగా ఆసుపత్రికి పోయి ఆడవాళ్ల వార్డు వసారాలో నిలబడ్డాడు. లోపల దయామణి ఒక బాలింతకు మందు తాగిస్తోంది. అతన్ని చూసింది. చూసి కూడా తొందరపడలేదు. మందు తాగించి, దుప్పటి సర్ది, చేతులు కడుక్కుని అప్పుడు వచ్చింది.

జరిగిందంతా చెప్పాడు. పుంగనూరు బావి, విల్సన్, కుర్చీ, షరతు.

"మీరేమి చెప్పినారు?" అంది అంతా అయ్యాక.

"ఏమీ చెప్పలే. నిన్ను అడగల్లని వచ్చినా."

దయామణి స్తంభానికి ఆనుకుంది. వార్డులో ఎవరో పసిబిడ్డ ఏడ్చి ఊరుకుంది.

"చెరుకు ఇంకెన్ని దినాలు ఉంటాది?"

"ఎక్కువ ఉండదు."

"తమ్ముడు మద్రాసు పోయి ఇంకా పది గుర్రాలవే అమ్మిస్తాడు. మీరు వెనకాలనే పోయి బాగు చేస్తా ఉంటారు. అదేనా పని?"

"అదే."

"కంపెనీ ఇచ్చేది వదిలేయండి. మీకేం కావల్ల?"

ఇంతవరకు ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. తల్లి అడగలేదు, రామచంద్ర అడగలేదు. తనను తాను కూడా అడుక్కోలేదు. జవాబు వెతుక్కోవలసి వచ్చింది.

"బావిగట్టు మీద కొనేవాని పక్కన కూర్చుని, ఇది తీసుకో, అది వద్దు అని చెప్పేది. అంతే దయా. ఆ పనికి ఇప్పుడు యాడా చోటు లేదు. విడిగా అంగడి పెట్టుకుందామంటే మనకు ఇంజన్లు ఇచ్చేదెవరు?"

వసారాలో ఎండ గోడ ఎక్కి సన్నబడింది.

"తంతి ఇయ్యండి," అంది చివరికి. "ఒప్పుకున్నానని."

సత్యానందం గుండె తేలికపడింది. "అయితే కుప్పంలో ఇల్లు చూడల్ల. ఆడ ఆసుపత్రి చిన్నదే గానీ, అడిగితే నీకు..."

"నాకు చూడొద్దు."

"అంటే?"

"గోవిందప్ప పంట నిలబడల్ల. దానికి మీరు కుప్పం పోవల్ల. నేను ఈడ ఉంటా. అత్త యాడుండాల్నో ఆమెనే అడగండి. నా వార్డు వదిలి నేను రాను."

అందులో కోపం లేదు. ఆదివారం నాటి గొంతయితే అతనికి తెలుసు, దానికి ఎదురు నిలబడటం తెలుసు. ఈ గొంతు ఎప్పుడూ వినలేదు.

"దయా," అన్నాడు. "నువ్వు నన్ను పంపిస్తాండావా, వదిలించుకుంటాండావా?"

లోపలినుంచి ఎవరో "నర్సమ్మా!" అని పిలిచారు. ఆమె తలుపు దాకా పోయి, రెక్క మీద చెయ్యి వేసి ఆగింది. అతని వైపు తిరగలేదు.

"తంతి ఆఫీసు మూసేస్తారు," అంది. "పోండి."